చదరంగపు గళ్ళలో ఇరువది అంకెలు

కోతల దినములలో మిర్యాలగూడ చేరిన వారికి మొదట కనబడునది ధాన్యము, వినబడునది వరిమరల చప్పుడు. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన తరువాత ఎడమ కాలువ క్రింద ఈ ప్రాంతపు మెట్టభూములు మాగాణులైనవి. మిర్యాలగూడ వరిమరలకు పేరుగన్న పట్టణమైనది. నేడు బస్తాలను దడవాయి కాటాపై తూచి కిలోగ్రాములలో వ్రాసికొనును. కాని మేము కలిసికొనిన ఒక వృద్ధ కర్షకుడు కుంచముతో కొలిచిన కాలమును మరువలేదు. మొదటి కుంచమును ఆయన 'ఒకటి' అనలేదు; 'లాభము' అనెను. రెండవదానినుండి మాత్రమే లెక్క సాగినది.

ఆయన చెప్పిన కొలతల పట్టికను మేము కాగితముపై వ్రాసికొంటిమి. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచము. నాలుగు కుంచములు ఒక తూము. ఊరూరికి కొలపాత్ర పరిమాణము కొంత మారినను, తెలుగునాట పలుచోట్ల ఈ క్రమము ఇదే. గిద్దెనుండి లెక్కించినచో కుంచమునకు 64 గిద్దెలు, తూమునకు 256. అనగా మన పెద్దల ధాన్యపు కొలత రెట్టింపుపైననే నిలిచి యున్నది. పది పదులుగా కాక, రెండు రెండుగా పెరుగు లెక్క అది.

కుంచమునకు 64 గిద్దెలని వినగానే మాకు 64 గళ్ళు గల చదరంగపు బల్ల స్మృతికి వచ్చినది. ఆ బల్లను గూర్చిన కథ శ్రోతలు పలువురు ఎరిగినదే. చదరంగమును కల్పించిన మేధావికి రాజు వరమీయబోయెను. ఆ మేధావి మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు ప్రతి గడికి రెట్టింపు చేయుచు 64 గళ్ళకు సరిపడు ధాన్యము చాలుననెను. రాజు నవ్వెను, గింజలు లెక్కించువారు మాత్రము నవ్వలేదు. ఆ మేధావి పేరు సిస్సా అని 13వ శతాబ్దికి చెందిన చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ వ్రాసెను. కథ నిజమైనను కాకున్నను, దానిలోని లెక్క నిజము. ఆ లెక్కకు జవాబైన సంఖ్యయే నేటి మా ప్రసంగ విషయము. ఆ సంఖ్య ఇది:

18446744073709551615.

ఇరువది అంకెలు గల ఈ సంఖ్యను రేడియోలో వినుట కష్టము. పత్రికలో చూచుట మేలు. చేత పెన్సిలు పట్టుకొని చదువుడని శ్రోతలను కోరుచున్నాము.

ముందుగా దీని పరిమాణము తెలియవలెను. నలుబది వడ్లగింజలు ఒక గ్రాము తూగునని అనుకొందము. మొదటి వరుస ఎనిమిది గళ్ళలో 255 గింజలు. అవి అరచేతిలో ఒక మూలకు సరిపోవును. రెండవ వరుస ముగియునప్పటికి 65,535 గింజలు. సుమారు కిలోన్నర పైచిలుకు. మూడవ వరుస ముగియునప్పటికి నాలుగు క్వింటాళ్ళు దాటును. సగము బల్ల నిండునప్పటికి 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 గింజలు. తూకమున 107 టన్నులు. ఇంతవరకు మిర్యాలగూడ విపణిలో ఎవరును ఆశ్చర్యపడరు. పది పదకొండు లారీల సరకు, అంతే.

రాజును మోసగించినది మిగిలిన సగము బల్ల. ఐదవ వరుసతో 27 వేల టన్నులు, ఆరవ వరుసతో 70 లక్షల టన్నులు, ఏడవ వరుసతో 180 కోట్ల టన్నులు అగును. ప్రపంచమంతట ఏటా పండు వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు గనుక ఏడవ వరుసయే రెండేండ్ల లోకపు పంటను మించినది. ఎనిమిదవ వరుస కూడ నిండినచో 46 వేల కోట్ల టన్నులు! నేటి పంట లెక్కన దానిని పండించుటకు అయిదువందల ఏబది ఏండ్లకు పైగా పట్టును. పదేసి టన్నుల లారీలలో నింపి, లారీకి పది మీటర్ల చొప్పున చోటిచ్చి, సూర్యాపేట నుండి కోదాడ మీదుగా పోవు జాతీయ రహదారిపై వరుసగా నిలిపినచో, ఆ వరుస భూమికిని సూర్యునికిని గల దూరమునకు మూడింతలుండును. సూర్యాపేటలో బయలుదేరిన వరుస సూర్యుని దాటిపోవుననుట ఇచట చమత్కారము కాదు, లెక్క.

ఇట్టి సంఖ్యను తెలుగువారు ఎప్పుడు ఎరిగిరి? ఇదియే చరిత్ర ప్రశ్న. దీనికి సమాధానము పావులూరి మల్లన.

తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున 'గణితసారసంగ్రహము'ను రచించెను. ఒకటినుండి మహాక్షోభము వరకు 24 సంఖ్యాస్థానములకు ఆయన పేర్లు చెప్పెను. ఆ పట్టిక ప్రకారము ఇరువదవ స్థానము పేరు మహాశంఖము. అనగా మన సంఖ్యలోని మొదటి 1 కూర్చుండు పీఠమది. మహావీరుని గ్రంథమును మద్రాసున రంగాచార్యులు ఆంగ్లానువాదముతో 1912లో ప్రకటించిరి. ఆ గ్రంథమును పావులూరి మల్లన ఎన్నడో తెలుగు పద్యములలోనికి తెచ్చెను. దాని పేరు 'సారసంగ్రహ గణితము'. జనులు దానిని 'పావులూరి గణితము' అనియే పిలిచిరి. మల్లన 11వ శతాబ్దివాడని పలువురును, 12వ శతాబ్ది ప్రథమ భాగమువాడని కొందరును తలచిరి. ఎట్లైనను ఆయన నన్నయకు దూరపువాడు కాడు. భారతము తెనుగున వెలువడిన తొలి తరములలోనే గణితము కూడ తెనుగు పద్యమెక్కినదనుట మనము మరువరాని విషయము.

మల్లన పేరున ప్రసిద్ధమైన ఒక చంపకమాలలో చదరంగపు గళ్ళ రెట్టింపుల మొత్తము సంపూర్ణముగా చెప్పబడినది. 'దాదాపు' లేదు, 'ఇంచుమించు' లేదు. ఇరువది అంకెలును ఉన్నవి.

అంకెలను పద్యములో ఎట్లు ఇమిడ్చిరి? దీనికి సూర్యాపేట సమీపముననున్న పిల్లలమఱ్ఱి వరకు పోయివత్తము. కాకతీయుల కాలమున రేచెర్ల రెడ్డి ప్రభువులు ఆ గ్రామమున కట్టించిన ఎరకేశ్వర, నామేశ్వరాలయములును, వారి శాసనములును నేటికిని నిలిచియున్నవి. దక్కను శాసనములు చదువ నేర్చినవారు మొదట వెదకునది శకవర్షమును. దానిని అంకెలతో వ్రాయుటయు కలదు. మాటలతో చెప్పుటయు కలదు. చంద్రుడొక్కడే గనుక చంద్రుడనిన ఒకటి. అగ్నులు మూడు గనుక అగ్ని యనిన మూడు. వేదములు నాలుగు. మన్మథుని బాణములు ఐదు. కులపర్వతములు ఏడు. ఆకాశము శూన్యము గనుక సున్న. దీనికే భూతసంఖ్య అని పేరు. అయితే అంకెలు ఎడమవైపునకు నడచును. అనగా మొదటి మాట ఒకట్ల స్థానమునకు చెందును. శకవర్షము 1130ని ఈ రీతిగా చెప్పదలచినచో 'ఆకాశము, అగ్ని, చంద్రుడు, చంద్రుడు' అని చెప్పవలెను. అది క్రీస్తుశకము 1208.

మల్లన పద్యమున ఈ మార్గమే కానవచ్చును. సంఖ్య చివరి 5కు గుర్తుగా మొదట బాణము వచ్చును. సంఖ్య మొదటి 1కి గుర్తుగా చివర చంద్రుడు వచ్చును. నడుమ 7 అను అంకె మూడుమార్లు రాగా మూడుమార్లును పర్వతమునకు మూడు వేరువేరు పేర్లు వాడబడినవి. 4 అను అంకె నాలుగుమార్లు రాగా రెండుమార్లు సముద్రము, ఒకమారు వేదము, ఒకమారు బ్రహ్మముఖము నిలిచినవి. ఒక విశేషమును శ్రోతలు గమనింతురు గాక: ఈ సంఖ్యలో సున్న నుండి తొమ్మిది వరకు అన్ని అంకెలును ఉన్నవి, ఒక్కటి తప్ప. రెట్టింపులచే పుట్టిన ఈ సంఖ్యలో 2 అను అంకెయే లేదు!

ఇక అసలు చిక్కు. తాటియాకు గ్రంథములు శతాబ్దములపాటు ప్రతులెత్తబడుచు వచ్చినవి. లేఖకుని ఒక్క పొరపాటు చాలును. కథలో ఒక మాట మారినచో కథ చెడదు; సంఖ్యలో ఒక మాట మారినచో సంఖ్య మొత్తము చెడును. కోట్లకొలది గింజలు పుట్టుటయో గిట్టుటయో జరుగును. మరి ఈ పద్యము తప్పులేక మనవరకు వచ్చెనని ఎట్లు నమ్మవలెను?

ఛందస్సు కొంత కాపలా కాచినది. చంపకమాల పాదమునకు 21 అక్షరములు. గురువు, లఘువు ఎచట నుండవలెనో నియతము. అక్షరము పడిపోయినను, హ్రస్వము దీర్ఘమైనను చెవి పట్టివేయును. ఛందస్సు కూడ రెట్టింపులతోనే పుట్టినదనుట ఇచట చెప్పదగినది. ప్రతి అక్షరము గురువో లఘువో కావలెను గనుక ఒక్కొక్క అక్షరము పెరిగినకొలది వృత్తముల సంఖ్య రెట్టింపగును. ఇరువది అక్షరముల పాదములకు 10,48,576 వృత్తములు సాధ్యము. వానిలో ఉత్పలమాల 3,55,799వది. ఇరువదియొకటింటికి 20,97,152, వానిలో చంపకమాల 7,11,600వది. ఒకటినుండి 26 అక్షరముల వరకు గల సమవృత్తములన్నియు కలిసి 13 కోట్ల 42 లక్షల 17 వేల 726. చదరంగపు బల్లపై 26 గళ్ళు దాటిన వానికి ఈ లెక్క క్రొత్తది కాదు.

అయితే ఛందస్సు కాపలా సంపూర్ణము కాదు. 'శర' అనిన రెండు లఘువులు. 'గిరి' అనినను రెండు లఘువులే. ఒకదానికి బదులు రెండవది పడినచో పద్యము చక్కగా నడచును, చెవికి ఏమియు తోచదు. కాని ఐదు ఏడై కూర్చుండును. పద్యము మాటల తీరును కాపాడును గాని విలువను కాపాడలేదు. విలువను కాపాడవలసినది సంఖ్యయొక్క స్వభావమే. ఇచట గణితము సాక్షిగా నిలుచును.

మొదటి సాక్షి తొమ్మిది. మన సంఖ్యలోని అంకెలన్నియు కూడినచో 87. దానిని తొమ్మిదితో భాగింప శేషము 6. మరియొక మార్గమున చూతము. రెండును ఆరుమారులు గుణించినచో 64; దానిలో తొమ్మిదులు తీసివేయగా మిగులునది 1. అట్టి ఆరులు 64లో పది కలవు. ఇంకను నాలుగు రెండ్లు మిగులును. నాలుగు రెండ్ల లబ్ధము 16. తొమ్మిది తీసివేయగా 7. మొత్తము ఒకటి తక్కువ గనుక 6. రెండు మార్గములును ఒకే ఇంటికి చేరినవి. 'శర' యున్నచోట 'గిరి' పడియున్నచో శేషము 8 వచ్చెడిది, తప్పు దొరకెడిది.

తొమ్మిదికి ఒక లోపము కలదు. సున్న యున్నచోట తొమ్మిది పడినను, ప్రక్కప్రక్క అంకెలు తారుమారైనను అది కనిపెట్టలేదు. అందులకు రెండవ సాక్షి పదకొండు. ఒకట్ల స్థానమునుండి ఒకటి విడిచి ఒకటిగా కూడినచో ఒక వరుస 62, రెండవ వరుస 25. భేదము 37, పదకొండుతో భాగింప శేషము 4. రెండును పదిమార్లు గుణింప 1,024. పదకొండుతో భాగింప మిగులునది 1. అరువది నాలుగులో పదులు ఆరు పోగా నాలుగు రెండ్లు మిగులును. 16లో పదకొండు తీసివేయ 5. ఒకటి తగ్గింప 4. రెండవ సాక్షియు సరియే పలికినది.

సంపూర్ణమైన రుజువు కావలసినవారికి దగ్గరి దారి కలదు. గళ్ళలోని మొత్తమునకు ఒక గింజ కలుపుడు. ఆ గింజ మొదటి గడిలోనిదానితో కలిసి రెండగును. ఆ రెండు రెండవ గడితో కలిసి నాలుగగును. నాలుగు మూడవ గడితో కలిసి ఎనిమిదగును. ఇట్లు చివర 65వ గడిలో ఉండవలసిన సంఖ్య వచ్చును. కావున 65వ గడిని కనుగొని ఒకటి తగ్గించిన చాలును. దానికి 64 గుణకారములు అక్కరలేదు. రెండును వర్గము చేయగా 4, దాని వర్గము 16, దాని వర్గము 256, తరువాత 65,536, తరువాత 4,29,49,67,296, దాని వర్గమే 65వ గడి. ఆరు వర్గములతో పని ముగిసినది. వర్గము చేయుచు సాగు ఈ ఉపాయము మన ఛందశ్శాస్త్రములో పింగళుని సూత్రములనాటిది. సుమారు క్రీస్తుశకము 1000 ప్రాంతమున అల్ బిరూనీ ప్రాచీనజాతుల కాలగణనపై వ్రాసిన గ్రంథమున చదరంగపు మొత్తమును లెక్కించి చూపెను. ఆయన సంఖ్యయు మల్లన సంఖ్యయు ఒక్కటే. ఒకరు అరబ్బీ వచనమున, ఒకరు తెలుగు పద్యమున. గణితమునకు మాత్రము భాషాభేదము లేదు.

ఇక ఈ సంఖ్య ఏ జాతికి చెందినదో చూతము. ఇది బేసి సంఖ్య. ప్రధాన సంఖ్య కాదు; అనగా సమభాగములుగా పంచుటకు వీలైనది. దాని ప్రధాన కారణాంకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ప్రతి ఒక్కటియు ఒక్కొక్కమారే వచ్చును. కనుక దీనిని నిశ్శేషముగా భాగించు సంఖ్యలు మొత్తము 128. ఆ ధాన్యరాశిని ముగ్గురికి, ఐదుగురికి, పదునేడుగురికి సమముగా పంచవచ్చును. ఇద్దరికి పంచినను, ఏడుగురికి పంచినను ఒక గింజ మిగిలిపోవును. తనను మినహాయించి దాని భాజకములన్నియు కూడినను దానికి సరిరావు గనుక ఇది న్యూన సంఖ్యల వర్గములో చేరును.

ఈ కారణాంకములలో 641కి ఒక చరిత్ర కలదు. మన సంఖ్యను 4,29,49,67,295 అనియు 4,29,49,67,297 అనియు రెండు సంఖ్యల లబ్ధముగా వ్రాయవచ్చును. వీనిలో రెండవది ప్రధాన సంఖ్య యని 17వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు గొప్ప గణితజ్ఞుడు ఫెర్మా నమ్మెను. రమారమి వంద సంవత్సరములు ఆ నమ్మకము నిలిచినది. 1732లో ఆయిలరు దానిని 641తో భాగించి చూపెను. 641ని 6700417తో గుణించి చూడుడు. పది నిమిషముల పని. మహామేధావి ఊహకంటె ఓపికగల చేతి లెక్క బలమైనదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఇంకొక చమత్కారము. బల్ల మొత్తము నింపక 61 గళ్ళతో ఆపినచో వచ్చు మొత్తము 2305843009213693951. ఇది ప్రధాన సంఖ్య యని 1883లో రష్యా దేశస్థుడు పెర్వూషిన్ నిరూపించెను. ఆ రాశిని ఎందరికి సమముగా పంచబోయినను శేషము మిగులును. మూడు గళ్ళ తేడాలో సంఖ్యకు స్వభావమే మారినది.

మల్లన పద్యమును పాత చదువుల ముచ్చటగా మాత్రమే తలచువారికి ఒక మాట. నేటి కంప్యూటరు తన లోపల సంఖ్యలను సున్న, ఒకటి అను రెండే గుర్తులతో వ్రాసికొనును. గురు లఘువులవలె రెండే. అరువది నాలుగు గుర్తుల చోటు ఒక సంఖ్యకు కేటాయించుట నేడు సామాన్యము. ఆ 64 చోట్లను ఒకట్లతో నింపినచో వచ్చు అత్యంత పెద్ద సంఖ్య 18446744073709551615. శ్రోతలలో పలువురి చేతిలోని ఫోను ఈ హద్దునకు లోబడి పనిచేయుచున్నది. తొమ్మిది శతాబ్దముల క్రిందట కుంచములతో ధాన్యము కొలుచుకొను జనుల భాషలో ఆ హద్దు అంకెతప్పక చెప్పబడియున్నది.

మిర్యాలగూడలోని ఆ వృద్ధునికి మేము ఈ చదరంగపు లెక్క వినిపించితిమి. ఆయన గిద్దె, సోల, తవ్వ అనుచు వ్రేళ్ళు ముడుచుకొని కొంతవరకు లెక్కించెను. కుంచము దాటి తూము వద్ద ఆగెను. 'తొమ్మిదో గడికి తూమైంది కద, ఇంక యాభై అయిదు గళ్ళున్నయి' అనెను. ఆయన గింజను కాక గిద్దెను మొదటి గడిలో పెట్టియుండెను. అయినను తొమ్మిదవ గడి 256 అని తెలిసికొనుటకు ఆయనకు కాగితము అక్కరలేకపోయినది. పద్యము తెలియని చేతులలోను మల్లన లెక్క నడచుచునే యున్నది.